మాంత్రికుల రాజీనామా

ఊళ్ళో గుడి ధర్మకర్తనో, గ్రంథాలయ కార్యదర్శినో పట్టుకుని "లెక్కలేవీ?" అని అడగడం ఎంత కష్టమో మనలో చాలామందికి తెలుసు. జీతం తీసుకునే గుమాస్తానైతే ఇబ్బంది లేదు. అడగడం మన హక్కు, చెప్పడం అతని విధి. దమ్మిడీ ఆశించకుండా, సొంత పనులు మానుకుని, పదేళ్ళుగా ఆ తాళంచెవుల గుత్తి మోస్తున్న పెద్దమనిషిని అడగాలంటే మాత్రం నోరు పెగలదు. అడిగినవాడే కృతఘ్నుడవుతాడు. "అంత అనుమానమైతే నువ్వే వచ్చి చెయ్యరాదూ!" అన్న మాట అక్కడ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దానికి బదులు చెప్పలేక చాలా ప్రశ్నలు గుమ్మంలోనే ఆగిపోతాయి.

అంతర్జాలంలో పదిమంది చేరే ప్రతిచోటా ఈ పెద్దమనిషి ఉన్నాడు. కొన్నిచోట్ల ఆయన, కొన్నిచోట్ల ఆవిడ. కొత్తవారిని లోనికి రానిచ్చేదీ, తగవులు తీర్చేదీ, బూతులు తుడిచేదీ, హద్దు మీరినవారిని వెలివేసేదీ ఈ స్వచ్ఛంద నిర్వాహకులే. వారు లేకపోతే ఆ చోట నాలుగు రోజులైనా మనుషులు మసలలేరు. ఇది మొదటే ఒప్పుకోవలసిన సత్యం. అయితే వెలివేసే అధికారం ఎవరి చేతిలో ఉన్నా అధికారమే. జీతం ముట్టనంత మాత్రాన దాని బరువు తగ్గదు. ఆ అధికారం చేత లెక్క చెప్పించడానికి గడచిన నలభై యేళ్ళ పైచిలుకు కాలంలో ఎవరెవరు ఏ దారులు తొక్కారు, ఏ దారి ఎక్కడ ఆగింది అన్నది ఈ వ్యాస విషయం. పరాయి దేశాల కథలా కనిపించినా ఇది చివరికి మన భాష గడప దగ్గరికే వస్తుంది.

* * *

కథ ఒక ఆటతో మొదలవుతుంది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి కంప్యూటరు మీద ఒక ఆటను రాయడం మొదలుపెట్టాడు. తరువాత రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకుపోయాడు. దాని పేరు మడ్. బొమ్మలు లేవు, రంగులు లేవు, అంతా అక్షరాలే. పలువురు ఒకేసారి అందులో ప్రవేశించి గుహల్లో తిరగవచ్చు, నిధులు వెతకవచ్చు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు, ఒకరినొకరు చంపుకోవచ్చు. తగినన్ని పాయింట్లు కూడబెట్టినవారికి విజర్డ్ అనే హోదా దక్కేది. మాంత్రికుడు అందాం. సామాన్య ఆటగాళ్ళకు లేని శక్తులు మాంత్రికుడికి ఉండేవి.

ఆట బాగా ఆడినందుకు ఇచ్చిన బహుమానం కాలక్రమంలో ఆటస్థలాన్ని కాపాడే బాధ్యతగా మారింది. ఈ పుట్టుకను గుర్తుంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఇటువంటి చోట్ల అధికారం తరచుగా ఇలాగే వస్తుంది. ముందు వచ్చినవారికి, ఎక్కువ పనిచేసినవారికి, పనిముట్లు వాడటం తెలిసినవారికి అది దక్కుతుంది. న్యాయం చెప్పగల నేర్పు వారికి ఉందో లేదో ఎవరూ పరీక్షించరు.

మడ్‌కు పిల్లలూ మనుమలూ పుట్టారు. ఆ సంతతిలో ఒకటి లాంబ్డామూ. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఉన్న జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేసే పావెల్ కర్టిస్ 1990లో దానికి ప్రాణం పోశాడు. ఇందులో గెలుపోటములు లేవు. అక్షరాలతో కట్టిన ఒక పెద్ద భవంతి ఉంది. కర్టిస్ తన సొంత ఇంటినే నమూనాగా తీసుకున్నాడు. కొత్తగా వచ్చినవారు కోట్లు తగిలించే చీకటి కొట్టులో కళ్ళు తెరిచేవారు. తలుపు తీసుకుని బయటికి వస్తే ముందుగది. అక్కడ ఎప్పుడూ నలుగురు కబుర్లాడుతూ ఉండేవారు. ఎవరికి వారు తమకు నచ్చిన పేరు పెట్టుకుని, గదులు కట్టుకుని, వస్తువులు తయారు చేసుకుని కాపురం ఉండవచ్చు. త్వరలోనే వేలమంది చేరారు.

కర్టిస్‌తో పాటు మరికొందరు మాంత్రికులు ఈ భవంతిని చూసుకునేవారు. ప్రోగ్రాములు సరిచేయడం, కొత్తవారికి పాత్రలు ఇవ్వడం, ఎవరెంత చోటు వాడుకోవచ్చో చూడటం వారి పని. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఫలానావాడు నన్ను వేధిస్తున్నాడు, ఫలానావాడు నా గదిలో జొరబడ్డాడు అంటూ ఫిర్యాదులన్నీ వారి దగ్గరికే వచ్చేవి. మనుషులు ఎక్కువయ్యేకొద్దీ తగవులూ ఎక్కువయ్యాయి. తీర్పు ఎటు చెప్పినా ఎవరో ఒకరు తిట్టేవారు. విసిగిపోయిన కర్టిస్ 1992 డిసెంబరులో ఒక ప్రకటన చేశాడు. ఇకపై మాంత్రికులు సాంకేతిక నిపుణులు మాత్రమేననీ, ఎవరు మంచివారో ఎవరు చెడ్డవారో తేల్చే పని తమది కాదనీ, సమాజం మొత్తంగా ఏది నిర్ణయిస్తే దాన్ని అమలు జరపడమే తమ వంతనీ దాని సారాంశం.

ఈ ప్రకటనలో నిజాయితీ ఉంది. అధికారం చేతిలో ఉన్నవారు తమంత తాము దాన్ని వదులుకోవడానికి సిద్ధపడటం చరిత్రలో అరుదు. కానీ అందులో ఒక లోటు కూడా ఉంది. నిర్ణయించవలసిన సమాజానికి నిర్ణయించే పద్ధతి ఏదీ లేదు. సింహాసనం ఖాళీ అయింది. సభామంటపం మాత్రం ఇంకా కట్టలేదు.

ఆ లోటు బయటపడటానికి మూడు నెలలు చాలాయి.

* * *

1993 మార్చిలో ఒక రాత్రి, ముందుగదిలో, మిస్టర్ బంగిల్ అనే పేరుతో తిరిగే ఒక సభ్యుడు ఊడూ బొమ్మ అనే చిన్న ప్రోగ్రామును బయటికి తీశాడు. ఇతరుల పాత్రలు తాము చేయని పనులు చేస్తున్నట్లు గదిలో అందరికీ కనిపించేలా వాక్యాలు పుట్టించడం దాని పని. దానితో అతడు కొందరు సభ్యుల పాత్రలకు అతి నీచమైన లైంగిక చేష్టలను అంటగట్టాడు. బాధితులు అతణ్ణి ఆపలేకపోయారు. చివరికి ఒక పాత సభ్యుడు వచ్చి అతణ్ణి బంధించేవరకు అది సాగింది. జరిగినదంతా అక్షరాల్లోనే జరిగింది. అయినా ఆ పాత్రలలో ఒకదాని వెనుక ఉన్న స్త్రీ మర్నాడు తన ఫిర్యాదు రాస్తున్నప్పుడు కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయని పాత్రికేయుడు జూలియన్ డిబెల్ నమోదు చేశాడు. ఈ ఉదంతం మీద ఆయన వ్యాసం 1993 డిసెంబరులో న్యూయార్కు వారపత్రిక విలేజ్ వాయిస్‌లో వచ్చింది. ఈనాటికీ ఈ విషయం మీద రాసేవారెవరైనా ఆ వ్యాసం దగ్గరికి వెళ్ళక తప్పదు.

బాధితురాలు బంగిల్‌ను కప్పను చేయమని కోరింది. మడ్‌ల కాలం నుంచి వస్తున్న పలుకుబడి అది. మాంత్రికుడు శపిస్తే మనిషి కప్ప అవుతాడు కదా. లాంబ్డామూలో దాని అర్థం ఇంకా కఠినం. ఆ పాత్ర, దాని పేరు, అది కట్టుకున్నవన్నీ శాశ్వతంగా తుడిచిపెట్టడం. అది ఒక విధంగా మరణశిక్ష. ఆ శిక్ష వేయగల ఆజ్ఞ మాంత్రికుల దగ్గర మాత్రమే ఉంది. మాంత్రికులేమో తీర్పులు చెప్పబోమని మూడు నెలల కిందటే ఒట్టు పెట్టుకున్నారు.

సభ్యులు ఒకచోట సమావేశమయ్యారు. గంటల తరబడి వాదించుకున్నారు. చట్టమే లేనప్పుడు నేరమెక్కడిదని కొందరన్నారు. బాధితులకు న్యాయం చేయలేని సమాజం సమాజమే కాదని కొందరన్నారు. మధ్యలో బంగిలే స్వయంగా వచ్చి, తాను చేసినది మనస్తత్వ ప్రయోగం వంటిదని చెప్పి వెళ్ళిపోయాడు. ఏ తీర్మానమూ లేకుండా సభ చెదిరిపోయింది. ఆ సభలో కూర్చున్న ఒక మాంత్రికుడు, అందరూ వెళ్ళాక, తన మనసులో తాను తర్కించుకుని, ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, ఆ ఆజ్ఞను టైపు చేశాడు. బంగిల్ అనే పాత్ర మాయమైపోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసింది ఉంది. ఆ మాంత్రికుడు చేసినది న్యాయమా అని అడిగితే, బహుశా న్యాయమే అంటాను. బాధితుల కోరిక తీరింది. చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ న్యాయం ఒక మనిషి మంచితనం మీద నిలబడింది. ఆ రాత్రి ఆ కుర్చీలో మరో మనిషి ఉంటే? తుడిచివేయబడినవాడు బంగిల్ కాక మాంత్రికుడితో మాటా మాటా అనుకున్న అమాయకుడైతే? ఆజ్ఞ అదే, వేళ్ళు అవే, నిశ్శబ్దం కూడా అదే. తేడా చెప్పడానికి బయటివారి దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

కర్టిస్‌కు ఈ సంగతి అర్థమయింది. ప్రయాణం నుంచి తిరిగివచ్చి జరిగినదంతా చదివాక, సమాజానికి ఒక యంత్రాంగం ఇవ్వాలని నిశ్చయించాడు. ఏ సభ్యుడైనా అర్జీ రాయవచ్చు. దాని మీద సంతకాలు పోగుచేయవచ్చు. అమలుకు వీలైనదని మాంత్రికులు తేలిస్తే అది ఓటింగుకు వెళుతుంది. వ్యతిరేక ఓట్లకు రెట్టింపు అనుకూల ఓట్లు వస్తే మాంత్రికులు అమలు జరిపి తీరాలి. తరువాత సభ్యులలో నుంచే స్వచ్ఛంద మధ్యవర్తులు వచ్చారు. తగవుల పరిష్కారానికి నియమాలు వచ్చాయి. న్యాయశాస్త్ర పండితులు ఈ బుల్లి రాజ్యాన్ని పరిశోధించి వ్యాసాలు రాశారు.

అయినా అది నిలవలేదు. అర్జీ అమలుకు వీలైనదా కాదా అని చూడటం సాంకేతిక నిర్ణయమేనని అందరూ అనుకున్నారు. కానీ ఏది వీలవుతుందో చెప్పేవాడి చేతిలో ఏది జరుగుతుందన్నది కూడా ఉంటుంది. ఓటర్లు చీలిపోయారు. మధ్యవర్తుల తీర్పుల మీద కొత్త తగవులు పుట్టాయి. 1996 మేలో మాంత్రికులు మరో ప్రకటన చేశారు. సాంకేతిక నిర్ణయానికీ సామాజిక నిర్ణయానికీ మధ్య గీత గీయడం అసాధ్యమనీ, వద్దనుకున్నా ఇన్నాళ్ళూ తాము సామాజిక నిర్ణయాలు చేస్తూనే ఉన్నామనీ, ఇకమీదట ఆ సంగతిని దాచకుండా చేస్తామనీ దాని సారం. మాంత్రికుల రాజీనామా మూడున్నరేళ్ళకు రద్దయింది.

నేను ఈ రెండో ప్రకటనను ఓటమిగా చూడను. తాళంచెవి దగ్గర పెట్టుకుని "నేను కావలివాణ్ణి కాను" అనడంకన్నా, "నేనే కావలివాణ్ణి, నన్ను అడగండి" అనడం మేలు. అధికారం లేనట్లు నటించే అధికారాన్ని ఎవరూ ఏమీ అడగలేరు.

* * *

అడగడమంటే ఎవరు, ఎవరిని? లాంబ్డామూలో ఈ ప్రశ్న ఊరి లోపలే తిరిగింది. ఊరికి ఒక యజమాని ఉంటే ఏమవుతుందో అమెరికా ఆన్‌లైన్ సంస్థ చరిత్ర చూపిస్తుంది.

1990లలో అమెరికాలో సామాన్యులు అంతర్జాలంలో అడుగుపెట్టినది ఎక్కువగా ఈ సంస్థ ద్వారానే. అక్కడి ముచ్చట్ల గదులను కనిపెట్టి ఉండటానికీ, కొత్తవారికి దారి చూపడానికీ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలను నియమించుకుంది. వారి సంఖ్య ఒక దశలో సుమారు 14 వేలకు చేరింది. ప్రతిఫలం ఉచిత ఖాతా. గంటల లెక్కన రుసుము కట్టే రోజుల్లో అది విలువైనదే. 1996 డిసెంబరులో సంస్థ నెలకు 19.95 డాలర్ల ఏకరుసుముకు మారింది. ప్రతిఫలం విలువ ఒక్కసారిగా పడిపోయింది. పని మాత్రం తగ్గలేదు. వారానికి ఇన్ని గంటలని వేళలు, శిక్షణ, పని గంటల నమోదు, పైవారికి నివేదికలు, అన్నీ ఉద్యోగంలాగే ఉండేవి. 1999లో కొందరు మాజీ కార్యకర్తలు న్యూయార్కు ఫెడరల్ కోర్టుకెక్కారు. ఇది సేవ కాదు, కూలి ఎగ్గొట్టిన చాకిరీ అని వారి వాదన. 2005లో సంస్థ ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. 2010లో కోటిన్నర డాలర్లకు దావా పరిష్కారమయింది.

కూలి సంగతి అలా ఉంచి జవాబుదారీతనం వైపు నుంచి చూద్దాం. ఈ కార్యకర్తలు లెక్క చెప్పనివారు కారు. వారం వారం చెప్పేవారు. కానీ ఆ లెక్క పైకి, సంస్థకు వెళ్ళేది. ఆ గదుల్లో కూర్చుని కబుర్లాడే మనుషుల ముందుకు వచ్చేది కాదు. మునసబు కలెక్టరుకు జమాబందీ లెక్క ఒప్పజెప్పినంత మాత్రాన ఊరివాళ్ళకు లెక్క చెప్పినట్లు కాదు గదా.

ఇదే ప్రశ్న 2023లో రెడిట్‌లో మళ్ళీ లేచింది. బయటి ప్రోగ్రాములు తన సమాచారాన్ని వాడుకోవడానికి సంస్థ భారీ రుసుము ప్రకటించింది. దానికి నిరసనగా ఆ ఏడాది జూన్‌లో 8 వేలకు పైగా విభాగాలను వాటి స్వచ్ఛంద నిర్వాహకులు మూసివేశారు. సంస్థ అధిపతి స్టీవ్ హఫ్‌మన్ ఈ నిర్వాహకులను వంశపారంపర్య భూస్వాములతో పోల్చాడు. ముందు వచ్చినవాడికే పట్టా దక్కుతోందనీ, సభ్యులు ఓటు వేసి వారిని దింపే వీలుండాలనీ అన్నాడు. మాటలో నిజం లేకపోలేదు. 1978 నాటి మాంత్రికుడి పుట్టుకను తలచుకుంటే ఆ నిజం తెలుస్తుంది. కానీ అన్నేళ్ళుగా గుర్తురాని ఆ నిజం, నిర్వాహకులు ఎదురుతిరిగిన వారంలోనే సంస్థకు గుర్తుకొచ్చింది. విభాగాలను తెరవని నిర్వాహకులను తొలగిస్తామన్న హెచ్చరికలూ వెళ్ళాయి. జవాబుదారీతనం పేరు చెప్పి కావలివాణ్ణి తనకు లొంగదీసుకోవడం యజమానులకు సులువైన పని. అందుచేత ఆ మాట ఎవరి నోటి నుంచి వస్తోందో కూడా చూసుకోవాలి.

* * *

కావలివాణ్ణి ఎన్నుకోవడం, నియమించడం కాక మూడో దారి ఒకటుంది. అది చీటీ వేయడం. 1997లో రాబ్ మాల్డా మొదలుపెట్టిన స్లాష్‌డాట్ అనే సాంకేతిక వార్తల వేదికలో పాఠకుల మాటలకు మంచి చెడ్డలు ఎంచి అంకెలు వేసేవారు. మొదట ఆ పని పాతిక మంది వరకు చేసేవారు. చాలక దాదాపు 400 మందికి పెంచారు. అదీ చాలక, కొంతకాలంగా వస్తున్న సభ్యులలో ఎవరికైనా యాదృచ్ఛికంగా ఆ అవకాశం దక్కేలా మార్చారు. చేతికి ఐదు పాయింట్లు వస్తాయి. మూడు రోజుల్లో వాడకపోతే మురిగిపోతాయి. తాను పాల్గొన్న చర్చలో వాటిని వాడకూడదు. 1999లో దీని మీద ఇంకో అంతస్తు కట్టారు. అంకెలు వేసినవారు సరిగా వేశారా అని మరికొందరు సభ్యులు తూకం వేసేవారు. అన్యాయంగా వేసేవారికి మళ్ళీ అవకాశం రావడం తగ్గేది.

చీటీలు, గడువులు, పాత లెక్కల తనిఖీ అనగానే చరిత్ర చదువుకున్న దక్షిణాదివారికి ఉత్తరమేరూరు గుర్తుకు రాక మానదు. తమిళనాడులో కాంచీపురం దగ్గరి ఆ ఊళ్ళో, మొదటి పరాంతక చోళుడి కాలంలో, క్రీ.శ. 919లోనూ 921లోనూ చెక్కిన రెండు శాసనాలున్నాయి. ఊరిని 30 వాడలుగా విభజించారు. అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, ఒక చిన్న పిల్లవాడి చేత తీయించేవారు. అలా వచ్చినవారు చెరువు వారియం, తోట వారియం వంటి సంఘాలలో ఒక ఏడాది పనిచేయాలి. అంతకుముందు మూడేళ్ళలో పనిచేసినవారికి మళ్ళీ అవకాశం లేదు. వీటన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్న నియమం ఒకటుంది. లోగడ సంఘంలో ఉండి లెక్కలు ఒప్పజెప్పనివాడు అనర్హుడు. వాడొక్కడే కాదు, వాడి దగ్గరి బంధువులూ అనర్హులే. అది భూమి, చదువు ఉన్న బ్రాహ్మణుల సభ. ఊళ్ళో అందరికీ అందులో చోటు లేదు. అది మరచి దాన్ని ఆకాశానికెత్తడం తగదు. అయినా ఒక్క సంగతి గమనించదగ్గది. లెక్క అడగడం అవమానమని ఆ సభ అనుకోలేదు. అది ఏటేటా జరిగే తంతు. ఎవరినీ వేలెత్తి చూపకుండానే అందరినీ అడగవచ్చు.

* * *

ఇక వికీపీడియా. 2001 జనవరిలో మొదలైనప్పుడు చివరి మాట జిమ్మీ వేల్స్‌ది. తగవులు పెరిగాక ఆయన 2003 చివరలో మధ్యవర్తిత్వ సంఘాన్ని ప్రకటించాడు. 2004 ఆరంభంలో అది పని మొదలుపెట్టింది. తరువాత సభ్యులను సముదాయమే ఎన్నుకోసాగింది. నిర్వాహకులనూ చర్చించే ఎన్నుకుంటారు. నిర్వాహకుడు ఏ పేజీ తొలగించినా, ఎవరిని నిరోధించినా అది చిట్టాలో తేదీతో, వేళతో, కారణంతో నమోదవుతుంది. కొద్ది మినహాయింపులు తప్ప ఆ చిట్టా లోకానికంతటికీ తెరిచే ఉంటుంది. 1993లో లాంబ్డామూ మాంత్రికుడి చీకటి నిర్ణయానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఇంతకన్నా పారదర్శకత ఏం కావాలి అనిపిస్తుంది.

క్రొయేషియన్ వికీపీడియా కథ తెలిసేవరకు నాకూ అలాగే అనిపించేది.

అక్కడ కూడా నిర్వాహకులు ఎన్నికైనవారే. జీతం లేనివారే. చిట్టాలు తెరిచే ఉన్నాయి. అయితే ఒక చిన్న ముఠా నెమ్మదిగా పట్టు సాధించింది. తమతో విభేదించినవారిని నిరోధించింది. వారు పోగా మిగిలినవారే ఓటర్లు. ఆ ఓట్లలోనూ ఒకే మనిషి పలు పేర్లతో వేసినవి ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఉస్తాషా ప్రభుత్వం నడిపిన యాసెనొవాట్స్ శిబిరంలో సెర్బులను, యూదులను, రోమాలను వేల సంఖ్యలో చంపారు. ఆ శిబిరం గురించి చదవబోయిన క్రొయేషియా పిల్లవాడికి ఆ దారుణాన్ని పలుచన చేసి చూపే పదజాలం ఎదురయింది. 2013లో కొందరు ఈ సంగతిని ఫేస్‌బుక్‌లో బయటపెట్టారు. పత్రికలు అందుకున్నాయి. విద్యార్థులు దాన్ని నమ్మవద్దని స్వయంగా ఆ దేశ విద్యామంత్రి హెచ్చరించవలసి వచ్చింది. అయినా ముఠా పట్టు సడలడానికి 2020 దాకా పట్టింది. 2021లో వికీమీడియా ఫౌండేషన్ ఒక బయటి నిపుణుడి చేత తయారు చేయించిన నివేదిక, దాదాపు పదేళ్ళపాటు ఆ విజ్ఞానసర్వస్వం ఒక వర్గం చేతిలో బందీ అయిందని తేల్చింది. సెర్బోక్రొయేషియన్ భాషాసముదాయం నాలుగు వేరువేరు వికీపీడియాలుగా చీలి ఉండటం కూడా ఆ పట్టుకు తోడ్పడిందని చెప్పింది. చీలిన ప్రతి ఊళ్ళోనూ కనిపెట్టి చూసే కళ్ళు తగ్గిపోతాయి.

ఈ ఉదంతం నుంచి నేను తీసుకున్న పాఠం ఒక్కటే. చిట్టా తెరిచి ఉంచడం సగం పని. మిగతా సగం దాన్ని చదవడం. చదివేవాడు లేని చిట్టా తాళం వేసిన చిట్టాతో సమానం. క్రొయేషియన్ తెలియని లోకం దాన్ని చదవలేదు. తెలిసినవారిలో ప్రశ్నించినవారిని నిరోధించారు. కొందరు విసిగి వెళ్ళిపోయారు. మిగిలినవారు తలవంచుకుని తమ వ్యాసాలు తాము రాసుకున్నారు.

పెద్ద ఊరైన ఆంగ్ల వికీపీడియాలో కూడా నిర్వాహకుణ్ణి సముదాయమే వెనక్కి పిలిచే పద్ధతి 2024లో గాని స్థిరపడలేదు. నెల రోజుల్లో పాతిక మంది అనుభవజ్ఞులు సంతకం చేస్తే ఆ నిర్వాహకుడు మళ్ళీ సముదాయం ముందుకు రావాలి. ఇచ్చిన తాళంచెవిని తిరిగి అడగడానికి ఒక మర్యాదైన మార్గం ఏర్పరచుకోవడానికి అంత పెద్ద సముదాయానికే ఇరవై మూడేళ్ళు పట్టింది.

* * *

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది. అక్కడి చర్చాస్థలానికి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. ఎంత చక్కని పేరు! రచ్చబండ మీద పెద్దలు కూర్చుంటారు, నిజమే. కానీ చుట్టూ నిలబడి వినే ఊరు ఉన్నందువల్లనే అది రచ్చబండ అయింది. ఊరు లేకపోతే మిగిలేది బండే.

మన భాషలో ఏ ఉమ్మడి ప్రయత్నం చూసినా పనిచేసేవారు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది. వారిని ఎవరో తప్పుపడుతున్నారని కాదు నా ఉద్దేశం. క్రొయేషియాలో జరిగినది ఇక్కడ జరుగుతోందనీ కాదు. మనుషులు కొద్దిమంది ఉన్నచోట కృతజ్ఞత ఎక్కువ, ప్రశ్న తక్కువ. ఆ రెండూ కలిస్తే మంచివారి చేతిలోని తాళంచెవి రేపు ఎవరి చేతికి పోయినా అడిగే అలవాటు మిగలదు. అందుకే మంచివారు ఉన్నప్పుడే అలవాటు చేసుకోవాలి. మంచివారు అడిగితే నొచ్చుకోరు.

ఇన్ని కథల నుంచి ఏరుకున్నవి మూడు ముక్కలు చెబుతాను. పదవికి గడువుండాలి, గడువు తీరాక దిగిపోవడం అవమానంగా కాక విశ్రాంతిగా తోచాలి. ప్రతి వెలివేతకూ కారణం రాసి ఉండాలి, అది వెలివేయబడినవాడికి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. మొర వినేవాడు తీర్పు చెప్పినవాడు కాకూడదు. వీటిలో ఏదీ డబ్బుతో కూడిన పని కాదు. ఓపికతో కూడినది.

ఆ ఓపిక నిర్వాహకులకు మాత్రమే ఉంటే చాలదు. "నువ్వే వచ్చి చెయ్యరాదూ" అన్న మాటకు ఇంతకాలం మన దగ్గర జవాబు లేకపోవడానికి కారణం, లెక్క చూడటాన్ని మనం పనిగా లెక్కించకపోవడమే. లెక్క రాయడం ఎంత సేవో, దాన్ని కూర్చుని చదవడమూ, అర్థం కానిచోట మర్యాదగా అడగడమూ, జవాబు సరిగా ఉంటే నలుగురిలో బాగుందని చెప్పడమూ అంతే సేవ. "అలాగేనండీ, వస్తాను, ముందు ఆ చిట్టా ఇటివ్వండి" అనగలిగితే ఆ మాటకు జవాబు దొరికినట్లే.

పదేళ్ళ తరువాత క్రొయేషియాలో ఆ నివేదిక రాయడం సాధ్యపడింది ఎందుకంటే, చిట్టాలు అప్పటికీ అక్కడే ఉన్నాయి. మధ్యలో కొందరు, ఎవరూ వినకపోయినా, ఏ రోజు ఎవరిని ఎందుకు నిరోధించారో చూసి పదే పదే అడుగుతూ వచ్చారు. వారికీ జీతం లేదు.